సెల్లార్ గోడకు చెమ్మ: బోర్డు బిగించే ముందు నీటి దారి తేల్చుకోండి

నెల్లూరు వేదాయపాళెంలో మీ ఇల్లు. ఐదడుగులు నేలలోకి, మూడడుగులు నేల పైకి ఉన్న సెల్లార్. దాన్ని పిల్లలు చదువుకునే గదిగా మార్చాలని మీ ఆలోచన. గోడల అడుగున రెండు మూడు అడుగుల ఎత్తు దాకా తెల్లగా ఉప్పు తేలింది, రంగు పెచ్చులు ఊడుతోంది, కార్తీకమాసం వచ్చేసరికి ముక్కిన వాసన వస్తోంది. రెండంగుళాల థర్మోకోల్ అతికించి, పైన జిప్సమ్ బోర్డు బిగించి, ఏసీ పెడితే సరిపోతుందని కాంట్రాక్టర్ గారు చెప్పారు. వీడియోల్లో కూడా గోడకు ఇలాగే ఫోమ్ అతికించడం చూశానంటూ, చేయించవచ్చా అని అడిగారు.

ఇప్పుడే చేయించకండి. చెమ్మ ఉన్న గోడను బోర్డుతో కప్పితే చెమ్మ పోదు, మన కంటికి కనపడకుండా పోతుంది, అంతే. ఒకటి రెండు వానాకాలాలు గడిచాక బోర్డు వెనక నల్లటి బూజు, స్విచ్ బాక్సుల్లో తుప్పు, పిల్లలకు ఆగని తుమ్ములు. అప్పుడు బోర్డు పీకాలి, థర్మోకోల్ పీకాలి, ఈరోజు చేయాల్సిన పనే మళ్ళీ మొదటి నుంచి చేయాలి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఇలా కప్పిన సెల్లార్లు విప్పించిన అనుభవంతో ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీరు చూశానన్న వీడియోలు అమెరికా, కెనడా ఇళ్ళవి. అక్కడివాళ్ళు చెప్పేది వాళ్ళ ఊరికి నిజమే. అక్కడ చలికాలంలో నేల, గోడ చల్లగా ఉంటాయి, ఇంటి లోపల హీటరు వేసిన వెచ్చటి గాలి ఉంటుంది. ఆ గాలిలోని తేమ చల్లటి కాంక్రీటు గోడకు తగిలి నీరవుతుంది. గోడకు ఫోమ్ షీటు అతికించి లోపలి గాలి కాంక్రీటును తాకకుండా చేయడం వాళ్ళ మొదటి అవసరం. మన దగ్గర పరిస్థితి వేరు. నెల్లూరులో పదడుగుల లోతున నేల వేడి ఏడాది సగటుకు దగ్గరగా, 28, 29 డిగ్రీల చుట్టూ ఉంటుంది. మీరు ఏసీ 26లో పెట్టుకుంటే నేలలో ఉన్న గోడకు, గదికి తేడా రెండు మూడు డిగ్రీలే. ఆ గోడ గుండా వచ్చే వేడి చాలా తక్కువ. మిమ్మల్ని ఉడికించేది నేల పైన ఉన్న మూడడుగుల గోడ, ముఖ్యంగా పడమటి ఎండ తగిలేది. ఇన్సులేషన్‌కు, అంటే వేడిని ఆపే పొరకు పెట్టే డబ్బులో ఎక్కువ భాగం అక్కడ పెట్టాలి, నేలలో ఉన్న ఐదడుగులకు కాదు.

తేమ దారి కూడా మన దగ్గర వాళ్ళకు రివర్సులో ఉంటుంది. తడిసిన నేల వెచ్చగా ఉంటుంది, ఏసీ గది చల్లగా, పొడిగా ఉంటుంది. కాబట్టి తేమ మట్టిలోంచి గోడలోకి, గోడలోంచి గదిలోకి వస్తుంది. ఆ తేమకు గది వైపు అడ్డంగా ప్లాస్టిక్ వాల్‌పేపర్, పీవీసీ ప్యానెల్, ఆయిల్ పెయింట్ లాంటివి పెడితే అది వాటి వెనకే ఆగిపోతుంది. ఇటుక గోడ కొత్త కుండ లాంటిది. లోపలి నీళ్ళు పైకి చెమరుస్తాయి, గాలికి ఆరతాయి. ఆరే దారి మూసేస్తే నీరు ఆగదు, రంగునే తోసుకుని బయటకు వస్తుంది. మీ గోడ మీద పెచ్చులు ఊడటానికి కారణం ఇదే. రంగు కంపెనీ మార్చినా ఫలితం మారదు.

కాబట్టి అసలు పని ఆ నీరు ఎక్కడిదో తేల్చడం. దీనికి ఖరీదైన మీటరు అవసరం లేదు. దళసరి పాలిథిన్ షీటును అడుగున్నర చదరం ముక్కలుగా కత్తిరించండి. గోడను పొడి బ్రష్‌తో దులిపి, నేలకు అడుగు ఎత్తులో ఒకటి, ఐదడుగుల ఎత్తులో ఇంకొకటి, నాలుగు అంచులా గాలి దూరకుండా టేపుతో అతికించండి. రెండు రోజులు వదిలేయండి. షీటు వెనక నీటి బొట్లు కనపడినా, అక్కడ గోడ రంగు ముదిరినా నీరు గోడలోంచి వస్తున్నట్టు. షీటు ముందు వైపు చెమర్చి వెనక పొడిగా ఉంటే అది గది గాలిలోని తేమ. రెండు వైపులా ఉంటే రెండు సమస్యలూ ఉన్నాయి. నాలుగు గోడలకూ చేయండి, ఎందుకంటే చాలా ఇళ్ళలో తప్పు ఒకే గోడది అయ్యుంటుంది. ఈ పరీక్ష మే నెలలో చేసి గోడ బాగుందని నిర్ణయానికి రావద్దు. మన జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనంలో పడుతుంది. గోడ అసలు సంగతి ఆ నెలల్లోనే బయటపడుతుంది.

షీటు కంటే ఎక్కువ చెప్పేది కాలం. చెమ్మ ఎప్పుడు పెరుగుతోందో ఒక కాగితం మీద రాసుకోండి. గట్టి వాన పడిన కొన్ని గంటలకే గోడ తడిస్తే అది డాబా నీళ్ళో, వాకిట్లో నిలిచిన నీళ్ళో. వాన వెలిసి వారాలు గడిచినా, సంక్రాంతి దాకా తడి తగ్గకపోతే భూగర్భజలం పైకి వచ్చి గోడను తాకుతోంది. పెన్న దగ్గర, సర్వేపల్లి కాలువ పక్కన, స్వర్ణాల చెరువు చుట్టుపక్కల ఉన్న ఇళ్ళకు ఇది సహజం. వాన లేకపోయినా కాలువకు నీళ్ళు వదిలాక చెమ్మ పెరిగితే కూడా ఇదే కారణం. ఎండాకాలం, వానాకాలం తేడా లేకుండా ఒకే చోట తడిగా ఉంటే నూటికి తొంభై పాళ్ళు అది మీ ఇంటి నీరే: సంపు, మంచినీళ్ళ పైపు, బాత్‌రూమ్ లేదా సెప్టిక్ ట్యాంకు. ఏసీ వేసిన రోజుల్లో మాత్రమే గోడ చెమరిస్తే అది గాలి తేమ.

ఇక్కడ సంపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఊళ్ళలో స్థలం కలిసొస్తుందని సెల్లార్ గోడకు ఆనించి సంపు కడతారు, కొన్ని ఇళ్ళలో రెండింటికీ ఒకే గోడ. లోపల పూసిన సిమెంటు పూత పగిలితే ఆ నీరు రాత్రింబగళ్ళు సెల్లార్‌లోకి ఊరుతుంది. రాత్రి పడుకునే ముందు సంపులోకి వచ్చే వాల్వు కట్టేసి, మోటారు ఆపి, నీటి మట్టం దగ్గర సుద్దతో గీత పెట్టండి. తెల్లారి చూడండి. గీత కంటే నీరు దిగి ఉంటే సంపు కారుతోంది. మట్టం దిగకపోయినా నమ్మకం కుదరకపోతే వారం పాటు సంపు ఖాళీగా ఉంచి, గోడ మీద తడి అంచు ఎక్కడుందో పెన్సిల్‌తో గీసి చూడండి. ఒక్క సంపు బాగుచేస్తేనే గోడ ఎండిపోయిన ఇళ్ళు ఉన్నాయి. పైన బాత్‌రూమ్ ఉంటే దాని కింద దించి వేసిన స్లాబులో నీరు నిలిచి గోడ వెంట దిగుతుంది. అలాంటప్పుడు చెమ్మ కింది నుంచి కాకుండా పై నుంచి మొదలవుతుంది. మీరు చెప్పిన గుర్తులు కింద ఉన్నాయి కాబట్టి మీ ఇంట్లో అది కాకపోవచ్చు, అయినా ఒకసారి చూడండి.

బయట చేయాల్సిన పని లోపలి పని కంటే చవక, ఫలితం ఎక్కువ. అయినా దీన్నే అందరూ వదిలేస్తారు, ఎందుకంటే గదిలో కనపడదు. డాబా మీది వాననీళ్ళ పైపులు గోడ పునాది దగ్గర వదిలేసి ఉంటే వాటిని కనీసం ఆరడుగుల దూరం తీసుకెళ్ళి కాలువలోకో ఇంకుడుగుంతలోకో వదలండి. ఇంకుడుగుంత సెల్లార్ గోడకు దగ్గరగా ఉంటే మనమే గోడకు నీళ్ళు పోసినట్టు అవుతుంది. వాకిలి వాలు ఇంటి నుంచి బయటకు ఉండాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్తది వేయడంతో చాలా వీధుల్లో రోడ్డు ఎత్తు పెరిగి ఇళ్ళు పల్లంలో పడ్డాయి. మీ వీధి కూడా అలాగే ఉంటే గేటు దగ్గర అడ్డంగా జాలీ కాలువ కట్టించి వీధి నీటిని అక్కడే మళ్ళించండి. గోడ చుట్టూ మూడడుగుల వెడల్పు సిమెంటు పట్టీ వేయించి, గోడకు, పట్టీకి మధ్య సందును సీలెంట్‌తో మూయించండి. గోడను ఆనుకుని మొక్కలు, పూలకుండీల వరస ఉంటే జరపండి. రోజూ పోసే నీళ్ళు తక్కువేమీ కాదు. ఇది చదివే ఒంగోలు వైపు వారికి ఒక మాట. నల్లరేగడి నేల ఎండాకాలంలో గోడ వెంట నెర్రెలు విచ్చుకుంటుంది. మొదటి వాననీరు ఆ నెర్రెల్లో పడి నేరుగా గోడ అడుగుకు చేరుతుంది. అక్కడ ఈ పట్టీ తప్పనిసరి.

బయట తవ్వి గోడకు వెలుపలి నుంచి మెంబ్రేన్ (నీరు చొరబడని పొర) వేయగలిగితే అంతకు మించిన పని లేదు. నీరు గోడలోకి రాకముందే ఆగుతుంది. కొత్తగా కడుతున్నవారు మట్టి పూడ్చకముందే ఇది చేయించుకోవాలి. మీ ఇల్లు పూర్తయింది, ఒక వైపు పక్కింటి గోడ ఉంది, కాబట్టి లోపలి నుంచే చేయాలి. దానికి గోడ ఇటుకదా, ఆర్‌సీసీదా అనేది ముఖ్యం. ఆర్‌సీసీ గోడకు క్రిస్టలైన్ పూత పనిచేస్తుంది. అది కాంక్రీటులోని సన్నటి రంధ్రాల్లో స్ఫటికాలు పెంచి నీటిని ఆపుతుంది. దానికి గోడ తడిగా ఉండాలి, పూత వేశాక కూడా తడపాలి. ఇటుక గోడ మీద దాని నుంచి అంత ఫలితం రాదు. ఇటుక గోడకు పాలిమర్ కలిపిన సిమెంటు పూత రెండు మూడు కోట్లు వేయాలి. మామూలు వాటర్‌ఫ్రూఫ్ పెయింట్ ఈ పని చేయలేదు. గోడ బయట నీరు మీటరు ఎత్తు నిలిస్తే గోడ అడుగున ప్రతి చదరపు మీటరు మీద టన్ను తోపు ఉంటుంది. వెనక నుంచి వచ్చే ఆ తోపును తట్టుకునేది గోడను గట్టిగా పట్టుకున్న సిమెంటు పూతే, పైపైన అంటుకున్న రబ్బరు పొర కాదు.

పూతకు ముందు ఉప్పును తీసేయాలి. తడి అంచు ఎక్కడ దాకా ఉందో దానికి ఇంకో రెండడుగులు పైదాకా ప్లాస్టరింగ్ కొట్టేయండి. ఇటుకల మధ్య సందులు అరంగుళం లోతు గీకించండి. ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి, చేటలోకి ఎత్తి ఇంటి బయట పారేయండి. నీళ్ళతో కడగవద్దు, ఉప్పు కరిగి మళ్ళీ ఇటుకలోకే వెళుతుంది. కొత్త ప్లాస్టరింగ్‌కు వాడే నీరు కూడా ముఖ్యం. సముద్రం వైపు, రొయ్యల చెరువులు ఉన్న వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆర్‌సీసీ పనికి వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. నాలుకకు ఉప్పగా తగిలే నీరైతే వాడకండి, ట్యాంకర్ తెప్పించండి. సెల్లార్‌లో పీఓపీ, జిప్సమ్ ప్లాస్టర్ వద్దు. అవి తేమను పీల్చుకుని మెత్తబడతాయి. కాంక్రీటు మీద తుప్పు మరకలు, కడ్డీ పొడవునా చీలికలు కనపడితే అక్కడితో ఆగి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. అది పూతతో పోయే సమస్య కాదు.

గోడ, నేల కలిసే మూలలో నీరు ఊరుతుంటే ముందు అక్కడ వి ఆకారంలో గాడి కొట్టి, నిమిషాల్లో గట్టిపడే వాటర్ ప్లగ్ సిమెంటుతో నింపాలి. పగుళ్ళలోంచి నీరు కారుతుంటే పాలీయురేథేన్ ఇంజెక్షన్ చేయిస్తారు, అంటే పగులులోకి జిగురు లాంటి రసాయనం ఎక్కించి మూసేస్తారు. ఆ పనికి చేయి తిరిగిన మనిషి కావాలి. ఏడాదిలో కొన్ని వారాలు భూగర్భజలం సెల్లార్ గచ్చు కంటే పైకి వచ్చే ఇల్లయితే ఈ పూతల మీదే ఆధారపడవద్దు. గోడ వెంట లోపల నాలుగంగుళాల కాలువ తీసి, ఒక మూలన చిన్న గుంత కట్టి, ఫ్లోట్ స్విచ్ (నీరు పెరగ్గానే దానంతటదే ఆన్ అయ్యేది) ఉన్న మోటారు పెట్టండి. నీటిని ఆపడం కంటే దానికి ఒక దారి ఇచ్చి తోడేయడం నమ్మకమైన పద్ధతి. ఆ మోటారుకు ఇన్వర్టర్ కనెక్షన్ ఇవ్వండి. వాయుగుండం వచ్చిన రాత్రి కరెంటు పోతుంది, మోటారు అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే.

ఇక ఆరబెట్టడం. ఇక్కడ ఎవరికీ ఓపిక ఉండదు, కాని ఈ పని అంతా నిలబడేది దీని మీదే. ప్లాస్టరింగ్ కొట్టేసిన గోడను కనీసం ఒక ఎండాకాలం తెరిచి ఉంచగలిగితే మంచిది. రోహిణి కార్తెలో పడమటి గాలి తోలే రోజుల్లో గాలి వేడిగా, పొడిగా ఉంటుంది. ఆ రోజుల్లో కిటికీలు, తలుపులు తెరిచి ఫ్యాన్ పెట్టండి. వానాకాలంలో మాత్రం కిటికీలు తెరిస్తే గాలి ఆడి ఆరుతుందనుకోవద్దు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీలకు చల్లబడగానే నీరు వదులుతుంది. ఏసీతో చల్లబడిన సెల్లార్‌లోకి ఆ గాలిని పిలిస్తే గోడలు, పుస్తకాలు, బట్టలు అన్నీ చెమరుస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తలుపు వేసి ఉంచి డీహ్యూమిడిఫైయర్ (గాలిలోని తేమను లాగేసే మెషీన్) నడపండి, లేదా ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి. కొన్ని వందల రూపాయలకు తేమ చూపే చిన్న డిజిటల్ మీటరు దొరుకుతుంది, కొని గోడకు తగిలించండి. 60 శాతం లోపు ఉంటే బూజు భయం ఉండదు. 70 దాటి రోజుల తరబడి ఉంటే ఎక్కడో పట్టేస్తుంది.

గోడ ఒక వానాకాలం దాటి పొడిగా నిలిచిందని షీటు పరీక్షలో తేలాకే ఇన్సులేషన్. థర్మోకోల్ కంటే ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ షీటు మంచిది, నీరు చాలా తక్కువ పీలుస్తుంది. నేల పైన ఉన్న మూడడుగులకు రెండంగుళాలది, కింద కావాలనుకుంటే అంగుళానిది చాలు. గోడకు, షీటుకు మధ్య ఖాళీ లేకుండా సిమెంటు ఆధారిత గమ్ముతో పూర్తిగా అతికించి, కీళ్ళకు టేపు వేయాలి. చుక్కలు చుక్కలుగా గమ్ము పెడితే వెనక గాలి తిరిగి అక్కడే తేమ చేరుతుంది. గ్లాస్ ఉల్ సెల్లార్ గోడకు అసలు వద్దు. ఒకసారి తడిస్తే ఆరదు, తడిగా ఉన్నంత కాలం వేడిని ఆపదు. దాని మీద జిప్సమ్ బదులు సిమెంటు ఫైబర్ బోర్డు పెట్టించండి, నేలకు అరంగుళం పైకి ఎత్తి. ప్లైవుడ్, ఎండీఎఫ్ వద్దు. మన దగ్గర చెదలు ఎక్కువ, ఫోమ్ వెనక అవి కంటపడకుండా పైకి పాకుతాయి. అందుకే గోడ అడుగున ఆరంగుళాల మేర ఫోమ్ లేకుండా వదిలేసి, విప్పి చూసుకునే స్కర్టింగ్ పెట్టండి. ఇన్సులేషన్ పెట్టని గోడకు సున్నం గాని, సిలికేట్ పెయింట్ గాని వేయండి. అవి గోడను ఆరనిస్తాయి.

థర్మోకోల్ అయినా ఎక్స్‌పీఎస్ అయినా అంటుకుంటే నల్లటి విషపు పొగ వస్తుంది. నేల కింద గది, ఒకే మెట్ల దారి, లోపల పిల్లలు. బోర్డుతో పూర్తిగా కప్పని ఫోమ్ ఒక్క చదరపు అడుగు కూడా ఉండకూడదు. వైర్లన్నీ పైపుల్లోనే ఉండాలి, స్విచ్‌లు నేలకు నాలుగడుగుల పైన ఉండాలి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ తప్పనిసరి. బయటకు వెళ్ళేందుకు మనిషి పట్టే కిటికీ ఒకటి ఉండేలా చూడండి. సెల్లార్‌ను దేనికి వాడొచ్చో మీ ప్లాన్ అప్రూవల్ కాగితాల్లో రాసి ఉంటుంది, ఖర్చు పెట్టకముందే చూసుకోండి.

ఏసీ విషయంలో రెండు మాటలు. 26 డిగ్రీలు, ఫ్యాను. 20లో పెడితే బోర్డు, గచ్చు చల్లబడి తలుపు తీసినప్పుడల్లా చెమరుస్తాయి. ఏసీ నుంచి కారే నీటి పైపు సెల్లార్‌లో బయటి నేల మట్టం కంటే కిందే ఉంటుంది కాబట్టి ప్లంబర్లు దాన్ని గోడ పక్కనే మట్టిలోకి వదిలేస్తుంటారు. చిన్న డ్రైన్ పంపు పెట్టించి బయట కాలువలోకి పంపించండి.

2015 నవంబరులో, 2021 నవంబరులో వచ్చినంత నీరు మళ్ళీ వస్తే ఏ పూతా ఆపలేదు. 2021లో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర హైవే, రైలు కట్ట కూడా కోతకు గురయ్యాయి. అలాంటప్పుడు సెల్లార్‌లో నీరు నిండితే ముందు మెయిన్ ఆపండి, ఆ తర్వాత కూడా నీళ్ళలోకి దిగకండి. వీధిలో నీరు తీసిన వెంటనే పెద్ద మోటారు పెట్టి ఒక్కసారిగా తోడించవద్దు. బయట మట్టి ఇంకా నీళ్ళతో నిండి గోడను తోస్తూ ఉంటుంది, లోపలి నీరు ఆ తోపుకు ఎదురు నిలుస్తుంది. లోపలిది పూర్తిగా తీసేస్తే గోడ లోపలికి పడే ప్రమాదం ఉంది. మూడో వంతు తోడి, మట్టానికి గీత పెట్టి, ఒక రోజు ఆగండి. తెల్లారేసరికి నీరు మళ్ళీ పెరిగితే ఇంకా తోడే సమయం కాలేదు. పిల్లల పుస్తకాల అరలు, కంప్యూటర్, యూపీఎస్ నేల మీద కాకుండా మూడడుగుల పైన పెట్టుకునేలా గది డిజైన్ చేసుకోండి.

గోడ ఇటుకదా ఆర్‌సీసీదా, సంపు ఏ వైపు ఉంది, గీత పరీక్షలో మట్టం ఎంత దిగింది, నాలుగు గోడల షీట్లలో ఏవి ఎటు వైపు చెమర్చాయి, ఈ నాలుగూ రాయండి. మీ ఇంటికి లోపలి పూత చాలో, కాలువ, మోటారు కూడా కావాలో చెబుతాను. కాంట్రాక్టర్ గారికి థర్మోకోల్ అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా ఇవ్వకండి.